గిడ్డయ్య గుడారం

"మోసేది సైకిలు. నువ్వు మోస్తావా? మరి ఏడుపెందుకు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు మహానందయ్య, కాగితాల మీద నుంచి తల ఎత్తకుండానే.

గిడ్డయ్య బల్లకు బారెడు దూరంలో నిలబడ్డాడు. ఆ దూరం ఎవరూ కొలిచి చెప్పింది కాదు. ఉద్యోగంలో చేరిన నాడు ఎక్కడ నిలబడ్డాడో ఈనాటికీ అక్కడే నిలబడుతున్నాడు. మశూచి టీకాలు వేయడం అతని పని. ఇన్నాళ్లూ కర్నూలు పేటల్లోనే తిప్పారు. ఇప్పుడు పడమటి పల్లెల్లో అమ్మవారు పోస్తూందని కబురు రావడంతో క్యాంపుకు పొమ్మన్నారు. మొదటి క్యాంపు. ముందు ఎర్రవంకపల్లె, ఆ తర్వాత దాని చుట్టుపక్కల ఊళ్లు.

ఆఫీసులో మిగతా టీకాల వాళ్లు క్యాంపుకు పోయేటప్పుడు గిడ్డయ్య చూశాడు. మందుల పెట్టె, ఒక జత బట్టలు, అంతే. ఊళ్లో దిగగానే చావడి ఊడ్చి మంచం వేయిస్తారు. మునసబు ఇంటి నుంచి భోజనం వస్తుంది. తిరిగొచ్చాక ఏ ఊళ్లో నెయ్యి బాగుంటుందో, ఏ ఊళ్లో మజ్జిగ పులుపో చెప్పుకుని నవ్వుకుంటారు.

"నీ సంగతి వేరు గదా!" మహానందయ్య కలం కింద పెట్టాడు. "చావడిలో దిగుతానంటే ఊరు ఊరుకోదు. ఆమీద కంప్లయింటు వచ్చేది నాకు. నీ తిండి, నీ నీళ్లు, నీ పడక, అన్నీ నువ్వే కట్టుకపో. ఎవరికీ ఇబ్బంది కలగకూడదు."

"ఇప్పుడు అంటు పాటిస్తే నేరమని చట్టం వచ్చిందంట గదా సార్..."

"వచ్చింది. ఆ చట్టం ఎర్రవంకపల్లెదాకా పోవాలంటే దానికీ ఒక సైకిలు కావాలప్పా."

పక్కబల్ల దగ్గర గుమాస్తా కిసుక్కుమన్నాడు.

"అట్లయితే గుడారమన్నా ఇప్పించండి సార్. గోడౌన్లో శానా పడుండాయి."

రాజధాని కర్నూల్లో ఉన్నన్నాళ్లు సగం ఆఫీసులు గుడారాల్లోనే నడిచాయి. అది హైదరాబాదుకు తరలిపోయాక వచ్చిన తొలి ఎండాకాలమది. అమ్మేయగా మిగిలిన గుడారాలు గోడౌన్లలో ఎలుకలకు కాపురాలయ్యాయి.

"అవి ఆఫీసర్లవి. గుడారంలో పండుకుంటే నువ్వు కలెక్టరయిపోతావా ఏం?" అని మహానందయ్య మళ్లీ కలం తీసుకున్నాడు.

ఆ చివరి మాట గిడ్డయ్య మనసులో ముల్లులా దిగింది. అయితే ముల్లు దిగిన చోటే ఒక ఆశ కూడా మొలిచింది. ఆఫీసు గుమ్మం దిగేసరికి అతనికి తన గుడారం కళ్లకు కట్టింది. ఊరి బయట, గట్టినేల మీద, తాళ్లు బిగించి నిలబెట్టిన ఖాకీ గుడారం. దాని ముందర తాను. జనం బిడ్డలను ఎత్తుకుని అక్కడికే వస్తారు.

అతను నేరుగా బురుజు వెనక సందులో జమాల్ బాషా అంగడికి పోయాడు. జమాల్ బాషా గుడారాలు కుట్టే దర్జీ. రాజధాని ఉన్నప్పుడు అతని అంగట్లో మనుషులకు కాలు పెట్టే చోటుండేది కాదు. ఇప్పుడు గుర్రాల జీనులకు, బండ్ల కప్పులకు అతుకులు వేస్తున్నాడు.

"గుడారమా!" అని జమాల్ బాషా చేదుగా నవ్వాడు. "ఇంకా ఆ మాట పలికేటోళ్లుండారా ఈ ఊళ్లో? రాజధాని పాయె, నా కడుపు కొట్టి పాయె. యవరికప్పా? సాహెబులెవరన్నా ఏటకు పోతాండారా?"

"నాకే. క్యాంపుకు."

జమాల్ బాషా దబ్బనం ఆపి అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. "ఆ ఊళ్లో మీవోళ్లు లేరా?"

గిడ్డయ్య వినపడనట్టు కిత్తాను గుడ్డ ముక్కలు తిరగేయసాగాడు. ఒక చోట మాసి, ఒక చోట సిరా మరకలతో ఉన్న ముక్కను పట్టుకుని వెలుతురుకు ఎత్తాడు. చిల్లుల్లేవు.

జమాల్ బాషా గిడ్డయ్యను నేల మీద పడుకోమన్నాడు. సుద్దముక్కతో తల దగ్గరొక గీత, కాళ్ల దగ్గరొక గీత గీశాడు. "ఇంతే ఇల్లు. కూచుంటే తల తగుల్తాది, పండుకుంటే సరిపోతాది" అన్నాడు. మైనం పూసిన దారంతో అంచులు మడిచి కుట్టాడు. తాడు దూర్చడానికి మూలమూలకూ కన్నాలు పొడిచి, చుట్టూ దారం పోశాడు. తాళ్లు కట్టే గూటాలు నువ్వే చెక్కుకో అని పంపేశాడు.

మర్నాడు పొద్దున్నే గిడ్డయ్య కల్లూరు వాడలో తన ఇంటిముందు సైకిలు స్టాండేసి మూట కట్టడం మొదలుపెట్టాడు. తుమ్మకర్రతో చెక్కిన గూటాలు, రెండు వెదురు గడలు, గుడారం చుట్ట, దుప్పటి, సత్తు గిన్నె, చెంబు, కిత్తాను నీళ్లసంచి, కిరసనాయిలు బుడ్డి, కొర్రబియ్యం, జొన్నపిండి, ఉప్పు, ఊరిబిండి పచ్చడి. ఇవి గాక గాలి పంపు, ప్యాచీలు. అన్నిటికంటే ముఖ్యం మందుల పెట్టె. అందులో సన్నటి గాజు గొట్టాల్లో టీకా మందు ఉంది. ఎండ తగిలితే అది చచ్చిపోతుంది. తడిగుడ్డ చుట్టి, ఆ గుడ్డ ఆరకుండా గంటగంటకూ నీళ్లు చిలకరించాలి.

అతని భార్య సుంకమ్మ గడపలో కూర్చుని చేటలో కొర్రలు చెరుగుతోంది. పొద్దుటినుంచీ ఆమె మాట్లాడలేదు. చేట మాత్రం మామూలుకంటే గట్టిగా చప్పుడు చేస్తోంది.

మొదట అంతా వెనక క్యారియర్ మీదికే ఎత్తి పాత ట్యూబు ముక్కలతో బిగించాడు. స్టాండు తీసీ తీయగానే ముందుచక్రం గాల్లోకి లేచి హ్యాండిలు అతని గడ్డానికి కొట్టుకుంది. అంతా విప్పాడు. ఈసారి గోనెసంచిని రెండు జేబులుగా కుట్టి క్యారియర్‌కు అటొకటి ఇటొకటి వేలాడేశాడు. బరువైనవి అడుగున, తేలికవి పైన. గడలను నడిమి కడ్డీకి ఆనించి కట్టాడు. నీళ్లసంచి హ్యాండిలుకు. పెడలు తొక్కితే మడమ సంచికి తగులుతోందని మళ్లీ విప్పి వెనక్కు జరిపాడు.

"గాడిదకయినా మూట మోసేదానికి గంత ఏస్తారు" అంది సుంకమ్మ ఎవరితోనో అన్నట్టు. "ఇల్లంతా ఎక్కించినావు. నన్ను గూడా ఒక సంచిలో ఏసుకో."

"నువ్వు నోర్మూసుకోని బియ్యం కట్టు."

"ఒక మాట అడుగుతా చెప్పు. బిడ్డ చెయ్యి పట్టుకోని గాటు పెడ్తావు గదా, అప్పుడు మైల లేదా వాళ్లకి? చెంబు ముట్టుకుంటేనే వస్తాదా?"

గిడ్డయ్య ట్యూబు ముక్కను పళ్లతో లాగి ముడేశాడు. "అది గవర్మెంటు పని. ఇది వేరే."

"రెండూ ఒక చెయ్యే గదా చేసేది!"

అతనికి కోపం ముంచుకొచ్చింది. ఇంట్లో ఒక్క మంచిమాట లేదు, ఆఫీసులో ఒక్క మంచిమాట లేదు. చేట లాక్కుని కొర్రలు తానే గుడ్డలో పోసి మూట కట్టాడు. సుంకమ్మ లేచి గొడ్డలి భుజాన వేసుకుని కట్టెలకు వెళ్లిపోయింది.

సాయంత్రం మూటలతో సహా ఒకసారి తొక్కి చూడాలనుకున్నాడు. వాడ నుంచి రోడ్డెక్కాలంటే పెద్దవీధి గుండా పోవాలి. ఆ వీధి మొదట్లో సైకిలు దిగి, చివరిదాకా నడిపించుకుపోయి, అక్కడ మళ్లీ ఎక్కడం అతనికి అలవాటే. అయితే ఈ బరువుతో సైకిలెక్కడానికే ఇంటిముందు రాయి ఆసరాగా పెట్టుకుని నానా అవస్థా పడ్డాడు. వెనక మూటల మీదుగా కాలు తిప్పే వీల్లేదు. ముందు గడల మీదుగా మోకాలు ఎత్తి ఎక్కాలి, అట్లాగే దిగాలి. దిగితే మళ్లీ ఎక్కేది ఎక్కడ? సందె వేళ, అరుగుల మీద ఎవరూ ఉండరులే అనుకుని ఎక్కినవాడు ఎక్కినట్టే వీధిలోకి తిప్పాడు.

సైకిలు తాగినవాడిలా ఊగుతూ సగం వీధి దాటింది. అరుగు మీద ఈరప్ప ఆకు వక్క నములుతున్నాడు. కల్లూరులో సగం మాగాణి అతనిదే.

"ఏం రా గిడ్డా! యాడికి రా దండయాత్ర? దిగు!"

గొంతు పెద్దగా కూడా ఎత్తలేదతను. గిడ్డయ్య మోకాలు అప్పటికే లేచింది. గడల మధ్య ఇరుక్కుంది. సైకిలు ఎడమకు వాలి, మూటల బరువుకు గిర్రున తిరిగి పడింది. పడుతూ పడుతూ అతను మందుల పెట్టెను రెండు చేతులా పొట్టకు అదుముకున్నాడు. మోచెయ్యి రాతిమీద గీచుకుపోయింది. కిరసనాయిలు బుడ్డి పగిలింది. కొర్రల మూట విడిపోయి దుమ్ములో పారింది. గుడారం చుట్ట ఊడి, వీధి మధ్యలో పరుపు పరిచినట్టు పరుచుకుంది.

"సర్కసు వచ్చింది రో!" అన్నారెవరో. వాకిళ్లలోకి ఆడవాళ్లు వచ్చారు. నవ్వులు ఒక అరుగునుంచి ఇంకో అరుగుకు పాకాయి. ఒక్కరూ దగ్గరికి రాలేదు. వచ్చి పట్టుకుంటే అంటు.

వీధి మొగన కట్టెలమోపుతో సుంకమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో! పరుగెత్తి రాలేదామె. మోపు గోడకు ఆనించింది. నడిచొచ్చి సైకిలు వెనకచక్రం పట్టి లేపింది. కొంగు పరిచి కొర్రలను మట్టితో సహా ఎత్తింది. ఎవరి ముఖమూ చూడలేదు, మొగుడి ముఖం కూడా.

"బిర్నా తియ్యండి మే, బండి రావల్ల" అన్నాడు ఈరప్ప.

ఇల్లు చేరాక గిడ్డయ్య గోడకు చేరగిలబడ్డాడు. మోచేతి రక్తం ఎండిపోతోంది. పెట్టె తెరిచి గాజు గొట్టాలు ఒక్కొక్కటీ చూసుకున్నాడు. పగల్లేదు. వాటి గుడ్డ తడిపి మళ్లీ చుట్టాడు.

సుంకమ్మ సైకిలు దగ్గర కూర్చుని ముడులు విప్పుతోంది. సాయం చేస్తోందనుకున్నాడు. సత్తు గిన్నె తీసి ఇంట్లో పెట్టింది. చెంబు తీసింది. జొన్నపిండి తీసింది. గూటాలు తీసి కట్టెల్లో పారేసింది.

"ఏం చేస్తాండావు మే?"

"దించుతాండా."

"రేపు పొద్దున పోవల్ల నేను! మళ్లీ కట్టాలంటే..."

"పో. యవరొద్దన్న్యారు? ఇవన్నీ ఎందుకు?" అని ఆమె ఇటు తిరిగింది. పొద్దుటి వెటకారం లేదు గొంతులో. "నీ తిండి, నీ నీళ్లు, నీ పండుకునే చోటు నువ్వే మోసుకపోతే వాళ్లకి కాదనే పని గూడా లేకపాయె. వాళ్లు అనకముందే నీకు నువ్వే వద్దనుకుంటాండావు."

"ఇన్‌స్పెక్టరు చెప్పినాడు. నేనేం చేసేది?"

"ఇన్‌స్పెక్టరు గుడారం కుట్టించుకోమన్న్యాడా?"

గిడ్డయ్య పెట్టె మూత వేశాడు.

"ప్రతి ఊరికీ వాడ లేదా? మనోళ్ల ఇండ్లు లేవా? ఆడ దిగేదానికి నీకు నామోషీ. వాళ్ల చాప మీద కూచుంటే వాళ్లలో ఒకడివయిపోతావని బయం. అందుకే ఊరికీ వాడకీ నడుమ గుడారం ఏసుకోని, యవరికీ కానోడివై కూచుంటావు. నాకు తెల్దనుకున్న్యావా?"

అతను చెయ్యెత్తాడు కొట్టడానికి. ఎత్తిన చెయ్యి గాయం లాగి మధ్యలో నిలిచిపోయింది. సుంకమ్మ కదల్లేదు. కాసేపటికి చెయ్యి దానంతటదే కిందికొచ్చింది. ఆమె చెప్పిన దాంట్లో ఒక్క అక్షరం అబద్ధమయినా అతనికి తిట్టడానికి మాట దొరికేది.

సుంకమ్మ గుడారాన్ని వాకిట్లో పరిచింది. దాని మీద మట్టి కలిసిన కొర్రలు పోసి చెరగడానికి కూర్చుంది.

తెల్లవారుతుండగా గిడ్డయ్య బయల్దేరాడు. క్యారియర్ మీద మందుల పెట్టె, దాని మీద తడిగుడ్డ, దుప్పటి. హ్యాండిలుకు నీళ్లసంచి. సైకిలు గాలిలా పోతోంది. అంత తేలిగ్గా పోతుంటే అతనికి ధైర్యం రాలేదు సరికదా, ఒంటిమీద బట్ట లేనట్టనిపించింది.

ఎర్రవంకపల్లె చేరేసరికి ఎండ నెత్తిమీదికొచ్చింది. చావడి అరుగు మీద మునసబు ముగ్గురు నలుగురితో కూర్చుని ఉన్నాడు. గిడ్డయ్య ఎవరో ముందే తెలిసింది కాబోలు, కూర్చోమనలేదు.

"వాడకాడ యాపచెట్టు కింద ఉండు. పిలిచినప్పుడు వచ్చి, చావడి కింద నిలబడి మా పిల్లోళ్లకు పెట్టిపో. ముందు మాకు. మిగిలింటే వాళ్లకు" అన్నాడు మునసబు. "వంక అవతల ఊళ్లో అమ్మవారు పసిబిడ్డల్ని తీసకపోతాండాది. ఆలీసెం చేయొద్దు."

గిడ్డయ్య తనకే కొత్తగా వినిపించిన గొంతుతో అన్నాడు, "చావడిలో చోటిస్తే క్యాంపు ఈడనే పెడ్తా సార్."

అరుగు మీద ఒకడు తుపుక్కున ఉమ్మేశాడు.

"ఏం, మదమెక్కిందా?"

"లేకుంటే వాడలో పెడ్తా. క్యాంపు యాడుంటే టీకా ఆడనే. మందు అందరికీ ఉండాది. కావల్సినోళ్లు ఆడికి రావల్ల."

"మాలవాడకు మేము రావల్లనా? నీ మింద రాసి పంపుతా. ఉద్యోగం ఊడుతాది కొడకా!"

"రాయండి సార్."

సైకిలు తిప్పాడు. వెనకనుంచి చిన్న రాయొకటి వచ్చి మడ్‌గార్డుకు తగిలి ఖణేలుమంది. అతను వెనక్కు చూడలేదు.

వాడలో మొదటి గుడిసె ముందు ఒక ముసలామె ఈతచాప అల్లుతోంది. అందరూ ఆమెను పెద్దక్క అంటారని తర్వాత తెలిసింది. కళ్లమీద చెయ్యి అడ్డం పెట్టుకుని, "యవరింటోడివప్పా?" అని అడిగింది.

గవర్నమెంటు టీకాలాయన్ని అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. "కల్లూరు ఓబులప్ప కొడుకును అవ్వా. మనోళ్లమే" అన్నాడు.

"అట్ల చెప్పు. ముందు నీళ్లు తాగు."

ఆ పూటంతా వాడ పిల్లలకు టీకాలు వేశాడు. పెద్దక్క వాకిలే క్యాంపు. స్పిరిటు దీపం వెలిగించి, గాటు సూదిని మంటలో ఎర్రగా కాల్చి, చల్లారనిచ్చి, బిడ్డ చేతి మీద మందు చుక్క వేసి సూదిని గిర్రున తిప్పేవాడు. రెండుసార్లు తలారి వచ్చాడు, మునసబు చావడి దగ్గరికి రమ్మంటున్నాడని. రెండుసార్లూ గిడ్డయ్య రానన్నాడు. మూడోసారి తలారి తన బిడ్డనే ఎత్తుకొచ్చాడు. రాత్రి పెద్దక్క కొడుకులు గడపకు అడ్డంగా మంచాలు వేసుకుని పడుకున్నారు, ఊరి వాళ్లు కొట్టడానికి వస్తారేమోనని. ఎవరూ రాలేదు.

మర్నాడు పొద్దున వంక అవతలినుంచి చావు డప్పు వినిపించింది. వాడలో అందరూ చేతి పని ఆపి విన్నారు. ఊళ్లోనూ వినే ఉంటారు. గిడ్డయ్య పెట్టె మూతమీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. ఒక పసిబిడ్డ ముఖం పొక్కులతో కళ్ల ముందు మెదిలింది. లేచి చావడికి పోదామా అనుకున్నాడు. ఇంకాసేపు చూద్దామనుకున్నాడు. ఆ ఇంకాసేపు అతనికి వాతపెట్టినట్టుంది.

ఊరి రైతుల ఇండ్లలోంచి మొదట మద్దమ్మ వచ్చింది. కాపుల కోడలు. చంకలో ఏడాది నిండని ఆడబిడ్డ. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, వాడ మొగన క్షణం ఆగి, విసవిసా నడిచొచ్చింది.

"నీ వల్ల ఈ వాడ తొక్కాల్సొచ్చె. నీ చేతులిరగ!" అంటూనే బిడ్డ చెయ్యి ముందుకు చాపింది. "ఎయ్యి, బిర్నా ఎయ్యి. నొప్పి పుట్టకుండా ఎయ్యి."

గిడ్డయ్య ఆ చెయ్యి పట్టుకున్నాడు. మొక్కజొన్న కండెంత చెయ్యి. సూది కాల్చేటప్పుడు మద్దమ్మ కళ్లార్పకుండా చూసింది. సూది తిప్పగానే బిడ్డ కేరుమంది. "అయిపాయె తల్లీ. తడి తగలనీయొద్దు" అన్నాడు. ఆమె బిడ్డను చంకనేసుకుని వెళ్లిపోయింది. అయితే వాడ మొగన నిలబడిన వాళ్లతో ఏదో అంది. కాసేపటికి ఒకరి వెనక ఒకరు రావడం మొదలయింది. తిడుతూ వచ్చారు, శాపనార్థాలు పెడుతూ వచ్చారు. మాకు వేరే వరుస కావాలన్నారు. పెద్దక్క వాకిలి ఒకటే, వరుస ఒకటే. మిగిలిపోయిన వాడ పిల్లల మధ్య ఊరి పిల్లలు నిలబడ్డారు. పెద్దవాళ్లు ఒకరికొకరు తగలకుండా ఒదిగారు. పిల్లలు మాత్రం ఒకరి టీకా గాటును ఒకరు వంగి చూసుకున్నారు.

వరుస పలచబడేసరికి పొద్దు తిరిగింది. "ముందు తిను. నిన్న మధ్యాన్నం తిన్న్యావు, మళ్లీ మెతుకు ముట్లేదు" అని పెద్దక్క కసిరింది. సత్తు తట్టలో రాగిసంగటి ముద్ద పెట్టి, మధ్యలో గుంట చేసి పుంటికూర పులుసు పోసింది. గిడ్డయ్య చేతులు కడుక్కుని ఈతచాప మీద కూర్చున్నాడు. మొదటి ముద్ద గొంతు దిగుతుంటేనే వాకిలి ముందు నీడ పడింది.

మునసబు. తలమీద తువ్వాలు, భుజాన మనవడు. వెనక తలారి కూడా లేడు. చెప్పుల నిండా దుమ్ము.

"ఏమప్పా" అన్నాడు మునసబు. ఆ పిలుపు అతని నోట ఇమడలేదు. "ఈ పిల్లోనికి... బిర్నా పెట్టు. ఎండ."

పెద్దక్క చేతిలో గరిటె ఆగిపోయింది.

గిడ్డయ్య చేతిలోని ముద్దను పులుసులో అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు. నిదానంగా మింగాడు.

"తింటాండా సార్. తిని వస్తా" అన్నాడు. "అట్ల నీడకు రాండి. చాప ఉండాది."

మునసబు చాప వంక చూశాడు. కూర్చోలేదు, పోలేదు. మనవణ్ని ఈ భుజం మీదినుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

తట్ట ఖాళీ అయింది. పెద్దక్క మునసబు వైపొకసారి, గిడ్డయ్య వైపొకసారి చూసి, వినీ వినపడకుండా అడిగింది, "ఇంకొంచెం ఏసేదా నాయనా?"

గిడ్డయ్య తట్ట ముందుకు చాపాడు.

"ఎయ్యి పెద్దక్కా. శానా ఆకలిగా ఉండాది."